బండి కింద నూనె బొట్టు

పల్నాటిలో చాలా ఇళ్ళ వసారాలకు నాపరాళ్ళే పరుస్తారు. దగ్గరలో దొరికే రాయి కనుక చవక, పైగా కాళ్ళకు చల్లన. ఒక్కటే చిక్కు. దానిమీద నూనె పడిందంటే పీల్చేసుకుంటుంది. సబ్బుకీ లొంగదు, సున్నానికీ లొంగదు. నరసరావుపేటలో మా వసారా నిండా అలాంటి మచ్చలే. అన్నీ మావారి పాత బుల్లెట్టు చేసిన సంతకాలు!

"మగవాళ్ళ బండి గొడవ మనకెందుకమ్మా" అనకండి. ఆ మచ్చ తోమేది మనమే, చంటిపిల్లనెత్తుకుని వెనక సీటుమీద కూర్చునేదీ మనమే. కారిన నూనె వెనక చక్రానికి అంటితే మలుపులో ఏమవుతుందో వేరే చెప్పాలా? పైగా ఈ బండి వంశవృక్షం వేళ్ళు మన కుట్టుపెట్టెలోనే ఉన్నాయి.

ఇంగ్లండులో రెడిచ్ అనే ఊరు సూదులకు పేరుమోసింది. ఆ పక్కనే 1851లో జార్జి టౌన్‌సెండ్ అనే ఆయన సూదుల కార్ఖానా పెట్టాడు. ఆ కార్ఖానాయే తర్వాత సైకిళ్ళు చేసింది. 1890లలో చేతులు మారి, ఎన్‌ఫీల్డ్ తుపాకుల ఫ్యాక్టరీకి భాగాలు చేసిపెట్టి, ఆ పేరే తగిలించుకుంది. 1901లో మోటారు సైకిలు, 1932లో 'బుల్లెట్' అనే పేరు వచ్చాయి. 1955లో మద్రాసు మోటార్స్ వారితో పొత్తు కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. తిరువొత్తియూరులో బండ్లు తయారయ్యాయి.

అదే 1955లో, డిసెంబరు 10న, నెహ్రూగారు మా మాచర్ల పక్కన నాగార్జునసాగరుకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. విచిత్రం చూడండి, ఆ 1967లోనే రెడిచ్ కార్ఖానా మూతబడింది. 1970కి ఇంగ్లండులో ఆ బండ్ల తయారీయే ఆగిపోయింది. పుట్టింట దీపం ఆరిపోయినా మెట్టినింట వంశం నిలిచిందన్నమాట. కాలువ నీళ్ళొచ్చాక పంట చేతికందిన సంవత్సరం మా మామగారు కొన్నది ఈ బండే.

మరి ఈ నూనె ఎందుకు కారుతుంది? ఆ కాలపు ఇంజను గూడు నిలువునా రెండు చెక్కలు. మధ్యలో అతుకు. ఆ అతుకు నూనెలోనే మునిగి ఉంటుంది. మూతలకు కాగితం, బెండు, రబ్బరు వాషర్లు. ఎడమవైపు గొలుసు పెట్టె మూత మొత్తానికీ మధ్యలో ఒకే ఒక్క నట్టు! 1969లో హోండావారు తెచ్చిన పెద్ద బండికి గూడు అడ్డంగా చీల్చారు. అతుకు నూనె మట్టానికి పైకి పోయింది. 1985లో మన దేశంలో హీరో హోండా వచ్చాక నూనె కారని బండి ఎలా ఉంటుందో మన వసారాలకూ తెలిసింది. బుల్లెట్టువారు కూడా 2010 ప్రాంతంలో పాత పోత ఇనుప ఇంజను మానుకున్నారు.

ఇంకో కారణం వంటింటి భాషలో చెబుతాను. ఇంజనులో పిస్టను కిందికి దిగినప్పుడల్లా లోపలి గాలి బయటికి పోవాలి. దానికో చిన్న గొట్టం ఉంటుంది. అది మూసుకుపోతే? కుక్కరు విజిల్లో మెతుకు అడ్డం పడ్డట్టే. ఆవిరి గాస్కెట్టు పక్కనుంచి తన్నుకొస్తుంది. అప్పుడు గాస్కెట్టు మార్చి లాభమేముంది, విజిలు కడగకుండా?

మా బండి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. రిపేరు కుర్రాడొకడు చూసి "ఇంజను దింపాల్సిందేనండీ" అన్నాడు. చెప్పిన మొత్తం వినేసరికి మావారు బండి అమ్మేద్దామన్నారు. మామగారి జ్ఞాపకం అది. నాకు గుండె కలుక్కుమంది. సమయానికి గురజాల నుంచి మా మరిది వచ్చాడు.

"వదినా, కిరసనాయిలు, పాత గుడ్డ, నీ ముఖానికి రాసుకునే పౌడరు పట్రా" అన్నాడు.

"ముగ్గుపిండి చాలదుటయ్యా?" అన్నాను, పౌడరు మీద ప్రేమకొద్దీ.

"అది రాతిపొడి వదినా. ఇంజనులోకి పోతే గీసిపారేస్తుంది."

చల్లారిన ఇంజనును శుభ్రంగా కడిగి, తుడిచి, ఆరబెట్టాడు. అతుకుల వెంబడి పలచగా పౌడరు చల్లాడు. గాలి పీల్చే కార్బురేటరు దగ్గరకు మాత్రం పోనివ్వలేదు. కోటప్పకొండ దాకా వెళ్ళొచ్చి చూపించాడు. మసి మరకలన్నీ కిందా వెనకా ఉండేవి కదా, పౌడరు తడిసింది మాత్రం పైన, టాపెట్ల మూత అంచున! నడిచే బండిమీద గాలి నూనెను వెనక్కి తోస్తుంది, బరువు కిందికి లాగుతుంది. కనుక మరక ఉన్నచోట దొంగ ఉండడు. ముందునుంచి, పైనుంచి వెతకాలి.

మూత వాషరు మార్చాడు. నట్టు బలంగా బిగించలేదు. బిగిస్తే పలచని మూత వంగి ఇంకా కారుతుందట. గాలిగొట్టం చివరి రబ్బరు రాయిలా గట్టిపడింది, అదీ మార్చాడు. ఇంజను దింపే అవసరమే రాలేదు.

ఇంకో మాట కూడా చెప్పాడు. నెలల తరబడి నిలబెట్టిన బుల్లెట్టులో నూనె అరలోంచి జారి ఇంజను అడుగుకు చేరుతుంది. స్టార్టు చేయగానే పొగ, గొట్టంలోంచి నూనె. అది కారడం కాదు, జారిన నూనె బయటపడటం. అలాంటప్పుడు తొందరపడి పైన మళ్ళీ నూనె పోయకూడదు.

మా సాగరు ఆనకట్ట రాతికట్టడం. దాని కడుపులో సొరంగంలాంటి దారి ఉంది. రాళ్ళ సందుల్లోంచి ఊరిన నీరు అక్కడ చేరుతుంది. దాన్ని ఇంజనీర్లు కొలుస్తారు. ఊట ఉందని బెంగపడరు, మొన్నటికంటే పెరిగిందా అని చూస్తారు. పాత బండికీ అదే సూత్రం. రాత్రి బండి కింద పాత పేపరు పరిచి, పొద్దున మచ్చ చుట్టూ పెన్సిలు గీసి తేదీ వేయండి. రూపాయి బిళ్ళంత మచ్చ అంతే ఉంటే నూనె మట్టం చూసుకుని నిశ్చింతగా ఎక్కండి. అరచేయంత అయిందా, ఆ పేపరే మెకానిక్కు చేతిలో పెట్టండి. ఇంజను దింపాలో, వాషరు మార్చాలో బేరమాడటానికి మీ దగ్గర సాక్ష్యం ఉంటుంది!