వాకిలి నుంచి అంగన్‌వాడీ దాకా: కొల్లేటి సీమలో పసిపిల్లల చేతిపని, ఇతివృత్త బోధన - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక అంశాన్ని కేంద్రంగా తీసుకుని ఆట, పాట, కథ, లెక్క, చేతిపనులను దాని చుట్టూ అల్లే పద్ధతిని పూర్వప్రాథమిక విద్యలో ఇతివృత్త బోధన అంటున్నారు. ఇది పాశ్చాత్య విద్యావేత్తల నుంచి దిగుమతి అయిన పద్ధతి అన్న అభిప్రాయం తరచుగా వినిపిస్తుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల ప్రాంతంలోని పండుగ ఆచారాలను, వీధిబడి పద్ధతులను, 20వ శతాబ్దపు శిశువిద్యా ప్రయత్నాలను, అంగన్‌వాడీ వ్యవస్థను వరుసగా పరిశీలించి ఆ అభిప్రాయాన్ని ఈ వ్యాసం పునర్విచారిస్తుంది. ఒకప్పుడు ఇతివృత్తం స్థానికంగా ఉండేది, కాని అందరికీ తలుపు తెరిచిన బడి లేదు. నేడు ఆ బడి ఉన్నది, కాని స్థానిక ఇతివృత్తం దానికి దూరమవుతున్నది. ఈ వైరుధ్యమే ఈ వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: పూర్వప్రాథమిక విద్య, ఇతివృత్త బోధన, చేతిపని, వీధిబడి, అంగన్‌వాడీ, కొల్లేరు.

1. ఉపోద్ఘాతం

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏర్లు దీనిలోకి నీరు తెస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. సరస్సుకు ఉత్తరాన ఏలూరు, ఈశాన్యాన డెల్టా మెరకలో తాడేపల్లిగూడెం ఉన్నాయి. 1925లో ఏర్పడిన పశ్చిమ గోదావరి జిల్లాకు ఏలూరు కేంద్రంగా ఉండేది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఏలూరు వేరే జిల్లా అయింది. కైకలూరు, మండవల్లి వంటి కొల్లేటి మండలాలు దానిలో చేరగా తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే నిలిచింది.

పాలనాపరమైన హద్దులు మారినా ఈ ప్రాంతపు బాల్యాన్ని తీర్చిన వనరులు ఉమ్మడివి. అవి బంకమట్టి, తాటిచెట్టు, తుంగ, వెదురు, నీరు. మూడు నుంచి ఆరేళ్ళ వయసు పిల్లల చేతికి ఈ వనరులు ఏ కాలంలో ఎలా అందాయి, ఎవరికి అందలేదు అన్నవి ఈ వ్యాసంలో పరిశీలించే ప్రశ్నలు.

2. వాకిలి: పండుగే పాఠ్యప్రణాళిక

వీధిబడిలో చేర్చే వయసు సాధారణంగా ఐదో ఏడు. అంతకుముందు పిల్లలకు బడి వాకిలే. అక్కడ పాఠ్యప్రణాళిక అనే మాట లేకపోయినా రుతువు, పండుగ కలిసి ఒక క్రమాన్ని ఏర్పరచాయి. వినాయక చవితికి మట్టి పిసికి బొమ్మ చేయడం, పూజకు ఇరవై ఒక్క రకాల పత్రి సేకరించడం పిల్లల పనులు. ఏ ఆకు ఏ చెట్టుదో, దేని అంచు నున్నగా ఉంటుందో, ఏది ఏ వాసన వేస్తుందో చేతితో తాకి తెలుసుకునే సందర్భమది. నేటి పరిభాషలో దీనిని వర్గీకరణ నైపుణ్యం అంటారు.

ధనుర్మాసంలో గొబ్బెమ్మలు, భోగికి పిడకల దండలు వస్తాయి. ఆవుపేడను చిన్న బిళ్ళలుగా తట్టి, నడుమ రంధ్రం చేసి, ఎండబెట్టి, తాడుకు గుచ్చి దండ తయారుచేయడంలో వేళ్ళ నియంత్రణ, పరిమాణ భావన, లెక్కింపు, ఎండేవరకు ఆగే ఓర్పు ఉన్నాయి. బొమ్మల కొలువులో మెట్ల వారీగా వస్తువులను అమర్చడం, గుజ్జనగూళ్ళలో వంటింటిని అనుకరించడం, బొమ్మల పెళ్ళిళ్ళలో పెద్దల లోకాన్ని నటించడం కూడా ఈ కోవకు చెందినవే. పిల్లల ఆటలు, వేడుకలు చరిత్ర రచనకు ఆధారాలవుతాయని సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ నిరూపించింది.

పండుగలతో సంబంధం లేని చేతిపని కూడా ఈ సీమలో ఉన్నది. తాటాకుతో బూర, గాలిమర, తాటికాయలతో రెండు చక్రాల బండి డెల్టా పిల్లలు తామే చేసుకున్న ఆటవస్తువులు. వీటిని చేసే క్రమంలో ఆకు ఏ వైపు వంగుతుందో, ఏ వైపు చిరుగుతుందో పిల్లల చేతికి తెలిసివస్తుంది.

3. వీధిబడి: ఇసుక, గుంట ఓనమాలు, దసరా గిలకలు

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల వివరాలు సేకరించవలసిందిగా కలెక్టర్లను ఆదేశించాడు. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో, ఆ జిల్లా బడుల్లో పిల్లలు మొదట వేలితో ఇసుకలో అక్షరాలు రాయడాన్ని వర్ణించాడు. గురువు గీసిన అక్షరపు గాడిలో వేలు తిప్పే గుంట ఓనమాలు తెలుగు నాట వాడుకలో నిలిచిన మాట. అక్షరం కంటికి గుర్తుగా మారకముందే చేతికి కదలికగా పరిచయమైంది.

ఈ పద్ధతి ప్రభావం సముద్రాలు దాటింది. మద్రాసులో అనాథ బాలుర శరణాలయాన్ని నడిపిన ఆండ్రూ బెల్ స్థానిక బడుల్లోని ఇసుకరాతను చూసి తన బడిలో ప్రవేశపెట్టాడు. ఆ అనుభవాన్ని 1797లో లండన్‌లో పుస్తకంగా ప్రచురించాడు. 20వ శతాబ్దారంభంలో మరియా మాంటిస్సోరి రూపొందించిన గరుకుకాగితపు అక్షరాలు కూడా స్పర్శ ద్వారానే అక్షరాన్ని నేర్పుతాయి. ఈ రెండింటికీ ప్రత్యక్ష సంబంధం ఉన్నదని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. చేతి ద్వారా అక్షరాన్ని నేర్పడం తెలుగు బడికి కొత్త కాదన్నది మాత్రమే గమనించవలసిన విషయం.

వీధిబడి ఇతివృత్త బోధనకు పరాకాష్ఠ దసరా. వెదురుబద్దల విల్లంబులు, రంగుకాగితాలు అంటించిన గిలకలు పట్టుకుని పిల్లలు పంతులు వెంట ఇంటింటికీ వెళ్ళి పద్యాలు చదివేవారు. పూలు, బుక్కా చల్లేవారు. గృహస్థులు పంతులుకు కానుక, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. చేతిపని, కంఠస్థం, ఊరేగింపు, సభామర్యాద అన్నీ ఒకే అంశం చుట్టూ కూడిన సందర్భమది. పంతులుకు అది జీవనాధారంలో భాగం కూడా.

అయితే ఈ చిత్రాన్ని ఆదర్శీకరించడం చారిత్రక దృష్టి కాదు. మన్రో కాలపు లెక్కల్లో, తమిళ జిల్లాలతో పోలిస్తే తెలుగు జిల్లాల బడుల్లో బ్రాహ్మణ, వైశ్య బాలుర వాటా ఎక్కువ. బాలికల సంఖ్య అత్యల్పం. దసరా గిలక అన్ని చేతుల్లోకీ చేరలేదు. కొల్లేటి లంకల్లో చేపలవేటతో బతికిన కుటుంబాల పిల్లలకు ఊత, వల, తాటిదోనె తెలుసు. ఆ తెలివిని విద్యగా గుర్తించిన బడి లేదు.

4. బయటి ఆలోచనలు, లోపలి అన్వయాలు

జర్మనీలో ఫ్రోబెల్ తన శిశుపాఠశాలకు 1840లో కిండర్‌గార్టెన్ అని పేరుపెట్టి కాగితపు మడతలు, అల్లికలు, మట్టిపనికి బోధనలో స్థానం కల్పించాడు. అమెరికాలో కిల్‌పాట్రిక్ 1918లో ప్రాజెక్టు పద్ధతిని వివరించాడు. మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి శిక్షణ తరగతులు నిర్వహించడంతో ఆ పద్ధతి దక్షిణాదిలో వేళ్ళూనుకుంది. కొల్లేటి సీమకు పొరుగునే ఉన్న విజయవాడలో వేగె కోటేశ్వరమ్మ 1955లో మాంటిస్సోరి పాఠశాలను స్థాపించారు. ఆమెకు 2017లో పద్మశ్రీ లభించింది.

ఈ పద్ధతులన్నీ చేతిపనికి గౌరవం తెచ్చాయి. కాని వాటికి అవసరమైన ఉపకరణాలు ఖరీదైనవి కావడంతో వాటి వ్యాప్తి చాలావరకు పట్టణాలకు పరిమితమైంది. దీనికి సమాధానం స్వదేశీ విద్యావేత్తలు వెదికారు. 1920లో భావనగర్‌లో బాలమందిరం ప్రారంభించిన గిజుభాయి బధేకా, ఆయన సహచరి తారాబాయి మోదక్ మాంటిస్సోరి పద్ధతిని భారతీయ పరిస్థితులకు మలిచారు. తారాబాయి 1945లో బోర్డీలో గ్రామీణ బాలవాడి ప్రారంభించి, గింజలు, గవ్వలు, ఆకులు, మట్టి వంటి చౌక వస్తువులనే ఉపకరణాలుగా వాడారు. బడికి రాలేని పిల్లల వాకిళ్ళకే బడిని తీసుకువెళ్ళారు. అంగన్‌వాడీ అనే పదంలో ఉన్నది ఆ అంగణమే, తెలుగులో వాకిలే. అదే ఏడాది జనవరిలో సేవాగ్రామ్‌లో జరిగిన సమావేశం గాంధీజీ నయీ తాలీమ్‌ను ఏడేళ్ళలోపు పిల్లలకూ విస్తరింపజేసింది. 1953లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి గ్రామాల్లో బాలవాడీలకు తోడ్పడింది. తెలుగు నాట న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో ద్వారా, ‘బాల’ పత్రిక ద్వారా, బాలానంద సంఘాల ద్వారా ఆటపాటలకు విద్యాగౌరవం కల్పించారు.

5. అంగన్‌వాడీ: అందరి బడి

1975 అక్టోబరు 2న దేశవ్యాప్తంగా 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ప్రారంభమైంది. పూరక పోషణ, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, వైద్యానికి పంపడం, పోషణ - ఆరోగ్య విద్య, పూర్వప్రాథమిక విద్య అనే ఆరు సేవలను అది ఒకే కప్పు కిందికి తెచ్చింది. వీధిబడి విడిచిన కుటుంబాల పిల్లలు, ఆడపిల్లలు ప్రభుత్వ హక్కుగా ప్రవేశించిన తొలి శిశుతరగతి ఇదే. ఈ ప్రాంత విద్యాచరిత్రలో దీనిని ఒక మలుపుగా గుర్తించాలి.

ఆరు సేవలను ఒకే కార్యకర్త, ఒకే సహాయకురాలు నిర్వహించడంలో బరువు తూకాలు, రికార్డులు, ఆహార పంపిణీ ముందు వరుసలో నిలిచాయి. చేతిపని మిగిలిన సమయానికి నెట్టబడింది. మరోవైపు ప్రాథమిక పాఠశాలల్లో, 1980లలో ప్రయోగంగా మొదలై 1989 తరువాత రాష్ట్రమంతటా విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం - ఉపాధ్యాయుల వాడుకలో అప్పెప్ - ఆరు బోధనా సూత్రాలను నిర్దేశించింది. చేస్తూ నేర్చుకోవడం, స్థానిక పరిసరాలను వినియోగించడం, పిల్లల పనులను తరగతి గదిలో ప్రదర్శించడం వాటిలో ఉన్నాయి. గోడకు తాడు కట్టి పిల్లల బొమ్మలను వేలాడదీసే అలవాటు ఆ శిక్షణల ద్వారా బడుల్లో విస్తరించింది.

2013 నాటి జాతీయ శిశు సంరక్షణ - విద్యా విధానం, 2020 జాతీయ విద్యా విధానం, 2022 అక్టోబరులో వెలువడిన పునాది దశ పాఠ్యప్రణాళికా చట్రం ఆటను, బొమ్మలను, స్థానిక సామగ్రిని మళ్ళీ కేంద్రానికి తెచ్చాయి. నేను - నా కుటుంబం, జంతువులు, నీరు, వాహనాలు, పండుగలు వంటి ఇతివృత్తాలు నేడు శిశుతరగతులకు సుపరిచితం.

6. కొల్లేరు ఇతివృత్తం కాగలదా?

ఇతివృత్తం పేరు ఒకటైనా దాని లోపలి సరుకు ఎక్కడిది అన్నదే అసలు సమస్య. జలచరాలు అనే పాఠానికి సాధారణంగా దొరికే ముద్రిత పటంలో తిమింగలం, డాల్ఫిన్, ఆక్టోపస్ ఉంటాయి. లంక గ్రామపు బిడ్డ రోజూ చూసే కొరమీను, వాలుగ, జెల్ల ఉండవు. పక్షుల పాఠంలో పెంగ్విన్ ఉంటుంది. ఆటపాక పక్షికేంద్రంలో గూళ్ళు కట్టే పెలికాన్ ఉండదు. ప్రైవేటు నర్సరీల్లో చేతిపని తరచుగా సిద్ధంగా కత్తిరించిన రంగుముక్కలను అంటించడంగా మారింది. ఇంటికి ఇచ్చిన పనిని తల్లిదండ్రులే పూర్తిచేసి పంపడం సర్వసాధారణమైంది. వస్తువు అందంగా ఉంటుంది. బిడ్డ వేలు మాత్రం దానిని నేర్చుకోదు.

ఈ విషయానికి కొల్లేటి సీమలో అదనపు ప్రాధాన్యం ఉన్నది. 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సును చేపల చెరువులు ఆక్రమించాయి. 2006లో ప్రభుత్వం అనేక చెరువుల గట్లను తొలగించవలసివచ్చింది. తుంగ, కిక్కిస, తాటిదోనె, ఊత అనే మాటలు వస్తువులతో పాటే వాడుక నుంచి తప్పుకుంటున్నాయి. కొల్లేటి బాల్యాన్ని ఇతివృత్తంగా తీసుకున్న అక్కినేని కుటుంబరావు నవల ‘కొల్లేటి జాడలు’ ఈ నష్టాన్ని సాహిత్యంలో నమోదు చేసింది. చదివే పెద్దలకు నవల ఆ పని చేస్తుంది. నాలుగేళ్ళ బిడ్డకు తుంగపోచతో అల్లిన చిన్న చాప, బంకమట్టితో చేసిన కొంగ, తాటాకు చేప ఆ పని చేయగలవు. వీటికి ఖర్చు లేదు. కార్యకర్తకు సమయం, ఊరిలోని వృద్ధుల చేతినైపుణ్యానికి బడిలో చోటు, ఈ రెండే కావాలి.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. ఇతివృత్త బోధనకు కొల్లేటి సీమలో దేశీయమైన పూర్వరూపాలు ఉన్నాయి. పండుగ, రుతువు వాటికి ఇతివృత్తాన్ని, పరిసరం వాటికి సామగ్రిని ఇచ్చాయి. అయితే వాటి సంస్థాగత రూపమైన వీధిబడి కొందరికే పరిమితమైంది. అంగన్‌వాడీ ఆ పరిమితిని దాటింది, కాని సామగ్రి విషయంలో ముద్రిత పటాలపై ఆధారపడుతున్నది. కాబట్టి వెనుకటి వాకిలిని యథాతథంగా పునరుద్ధరించడం పరిష్కారం కాదు. వాకిలి ఎరిగిన చేతిపనిని, వీధిబడి గుర్తించని లంకల చేతిపనిని కలిపి, అందరికీ తెరిచి ఉన్న అంగన్‌వాడీలోకి తేవాలి. దసరా గిలక పక్కన కొల్లేటి ఊత కూడా పాఠ్యవస్తువుగా నిలిచినప్పుడే ఈ సీమ శిశువిద్యా చరిత్రలోని రెండు పాయలు ఒకటవుతాయి.