గడప దాటిన వంటయిల్లు

కార్తికమాసపు ఆదివారమున గవర్నర్‌పేట వంటి వర్తకపు పేటలలోని కుటుంబములు సయితము గిన్నెలు, విస్తళ్లు సర్దుకొని ఊరి వెలుపలి తోటలకు బయలుదేరుట మనమెరిగిన దృశ్యమే. ఉసిరిచెట్టు మొదట ధాత్రీనారాయణులకు పూజ జరుగును. ఆ చేరువనే పొయ్యి రాజేసి వండుకొని, బంధువులందరు పంక్తి తీర్చి కూర్చుందురు. ఇదియే వనభోజనము. చిరకాలపు అలవాటు చేత ఇందలి విశేషము మన కంటికి ఆనదు.

పూర్వము తెలుగు లోగిలిలో మిక్కిలి కట్టుబాటు గల చోటు వంటయిల్లు. ఆచారపరుల యింట మడి కట్టుకొననివారు ఆ గడప తొక్కరాదు. అట్టి వంటయిల్లు ఏడాదికొకనాడు గోడలు విడిచి ఆరుబయటికి వచ్చును.

ఈ నెలయే ఎందుకు? ఉసిరినీడను భుజించుట పుణ్యమని కార్తిక పురాణము చెప్పినది. దానికి తోడు డెల్టా సేద్యపు లెక్క యొకటి కలదు. 1855లో కృష్ణపై బెజవాడ ఆనకట్ట పూర్తియై కాలువలు పారిన పిదప ఇచట వరియే ప్రధానమైన పంట యైనది. సార్వా నాట్లు, కలుపుతీతలు ముగిసి, కోతలింకను మొదలుకాని నడిమి కాలము కార్తికము. ఉసిరి కాపునకు వచ్చును. తుపాను రాని యేట ఆకాశము తేటపడును. పురాణము చెప్పిన నెలయు, రైతునకు తీరిక చిక్కిన నెలయు ఒకటే యగుటచే ఈ ఆచారము ఇచట బాగుగా వేళ్లూనినదని తలచుట సమంజసము.

వనభోజనమనగానే తెలుగువారికి మరియొక చిత్రము తోచును. పోతన భాగవతమున, దశమస్కంధములో, బాలకృష్ణుడు గోపబాలురతో యమున ఇసుకతిన్నెపై చల్దులారగించిన ఘట్టమది. అచట ఒకరి చల్ది మరియొకరు లాగికొని తిందురు. ముద్ద ఎవరి చేతిదని అడుగువారు లేరు.

మన తోటలలో మాత్రము గోడలు పోయినను గీతలు పోలేదు. పొయ్యితో పాటు మడియు బయటికి వచ్చినది. కట్టెలు కొట్టి, నీళ్లు తోడిన కూలివానికి చాలచోట్ల పంక్తిలో చోటు లేకుండెను. అతని విస్తరి ఎడముగా పడెడిది.

ఆ గీతను చెరుపబూనినవారు ఈ జిల్లాలోనే పనిచేసిరి. 1940లో గోరా, సరస్వతీ గోరా దంపతులు ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించిరి. 1947లో అది విజయవాడకు మారినది. వారు సహపంక్తి భోజనములు నడిపి, కులమడుగక అందరిని ఒక్క వరుసను కూర్చుండబెట్టిరి. దైవమును నమ్మని ఆ దంపతుల పంక్తి, బాలకృష్ణుని ఇసుకతిన్నెకు ఎంత చేరువగా నున్నదో గమనింపదగును.

ఇటీవలి దశాబ్దములలో కులసంఘముల పేర వేరువేరు వనభోజనములు పెరిగినవి. దూరపు చుట్టములు కలియుటయు, పిల్లలు తమవారి నెరుగుటయు మంచిదే. కాని ఒకప్పుడు పంక్తుల నడుమ నున్న గీత, ఇప్పుడు తోటల నడుమకు జరిగినది. రానున్న కార్తికమున తోటకు పోవువారు పొరుగింటివారిని, వెంటవచ్చిన పనివారిని, తోటకాపరిని గూడ తమ పంక్తికి పిలుతురు గాక. అందుకు పురాణము అడ్డురాదు, ఉసిరినీడ చాలకపోదు.