డీఎక్స్7 నుంచి ప్లగిన్ దాకా: డిజిటల్ సింథసైజర్ల రెండో జన్మ

పాత సింథసైజర్ మేలా, దాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్ మేలా అన్న వాదన సంగీతకారుల్లో పాతికేళ్లుగా నడుస్తోంది. అందులో ఎక్కువ భాగం అనలాగ్ యంత్రాల గురించే. అక్కడ వాదించుకోవడానికి కారణముంది. ట్రాన్సిస్టర్లూ కెపాసిటర్లూ వేడికి, వయసుకు మారిపోతాయి కాబట్టి ఒకే రోజు తయారైన రెండు యంత్రాలు కూడా ఒకేలా పలకవు. మరి మొదటి నుంచీ అంకెలతోనే శబ్దాన్ని తయారుచేసిన డిజిటల్ సింథసైజర్ల మాటేమిటి? లెక్క ఒక్కటే అయితే జవాబూ ఒక్కటే కావాలి. జపాన్‌లో 1983లో తయారైన చిప్ చేసిన కూడికను ఈనాటి ల్యాప్‌టాప్ చేయలేకపోవడానికి కారణమే లేదు. అయినా ఆ పాత గొంతును సాఫ్ట్‌వేర్ నిజంగా పట్టుకోవడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. ఇంత ఆలస్యం ఎందుకైందన్నదే ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించే ప్రశ్న.

కథ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. సంగీత రచయిత జాన్ చౌనింగ్ 1967లో కంప్యూటర్ మీద వైబ్రాటోతో ప్రయోగాలు చేస్తున్నాడు. స్వరాన్ని కాస్త పైకీ కిందికీ ఊపడమే వైబ్రాటో. ఆ ఊపును సెకనుకు వందలసార్లకు పెంచి చూస్తే చెవికి ఊపు వినిపించడం మానేసి, కొత్త నాదమే పుట్టింది. రెండే రెండు సైన్ తరంగాలతో గంటలు, కంచు వాద్యాల వంటి సంక్లిష్ట ధ్వనులు తయారయ్యాయి. దీన్నే ఎఫ్‌ఎం సింథసిస్ అన్నారు. చౌనింగ్ తన పరిశోధన పత్రాన్ని 1973లో ప్రచురించాడు. అమెరికాలోని ఆర్గన్ కంపెనీలు ఈ పద్ధతిని పట్టించుకోలేదు. జపాన్ కంపెనీ యమహా పేటెంటు హక్కులు తీసుకుంది. ఆ పేటెంటు ద్వారా స్టాన్‌ఫర్డ్‌కు 2 కోట్ల డాలర్లకు పైగా ఆదాయం వచ్చింది.

సంవత్సరాల ఇంజనీరింగ్ తర్వాత 1983లో యమహా డీఎక్స్7 బయటికొచ్చింది. అమెరికాలో ధర 1,995 డాలర్లు. ఒకేసారి 16 స్వరాలు, ఒక్కో స్వరానికి ఆపరేటర్లనే 6 సైన్ తరంగ జనకాలు, వాటిని ఒకదానితో ఒకటి కలిపే 32 అమరికలు. లక్షన్నరకు పైగా అమ్ముడుపోయింది. డేవిడ్ బ్రిస్టో, గ్యారీ లోయిన్‌బర్గర్ తయారుచేసిన ఫ్యాక్టరీ ధ్వనుల్లోని ఎలక్ట్రిక్ పియానో ఆ దశాబ్దపు ప్రేమగీతాలన్నిటి మీదా పరుచుకుంది.

ఆ యంత్రం లోపలి పని తీరు దగ్గర కాస్త ఆగాలి. తర్వాతి కథంతా దాని మీదే ఆధారపడి ఉంది. శబ్దాన్ని అంకెగా కట్టే ఒక్కో క్షణానికి, అంటే ఒక్కో శాంపిల్‌కు, 16 స్వరాలు, 6 ఆపరేటర్ల చొప్పున 96 లెక్కలు చేయాలి. శాంపిల్ వేగం సెకనుకు 49,096. అంటే సెకనుకు 47 లక్షల ఆపరేటర్ లెక్కలు. ఆ కాలపు చిప్‌లో గుణకారం చాలా ఖరీదైన పని. యమహా ఇంజనీర్లు స్కూల్లో నేర్చుకున్న సంవర్గమానాలను, అంటే లాగరిథమ్‌లను, వాడుకున్నారు. సైన్ విలువలను నేరుగా కాక వాటి లాగరిథమ్‌లను పట్టికగా చిప్‌లో పెట్టారు. అప్పుడు గుణకారం కూడికగా మారిపోతుంది. చివర్లో మరో పట్టిక సాయంతో మామూలు అంకెలోకి తెచ్చుకుంటే సరి. అద్భుతమైన ఉపాయం. అయితే పట్టికలో చోటు కొద్ది కాబట్టి విలువలను గుండ్రం చేయక తప్పదు. అలా గుండ్రం చేసినప్పుడల్లా కొద్దిపాటి గరుకు మిగులుతుంది.

ఆ అంకెలను విద్యుత్తుగా మార్చే కన్వర్టర్ 12 బిట్లది. చిన్న శబ్దాలు మరీ చెడిపోకుండా స్థాయిని మార్చే ఏర్పాటు ఒకటి దానికి జోడించారు. 16 స్వరాలూ ఆ ఒక్క కన్వర్టర్ గుండానే వంతులవారీగా బయటికొస్తాయి. తర్వాత ఒక అనలాగ్ ఫిల్టర్. డీఎక్స్7లో ఒక గంట ధ్వని మెల్లగా సన్నగిల్లుతుంటే, తోకలో ఇసుక రాలినట్టు వినిపించే గరగర ఇక్కడ పుట్టిందే. తయారీదార్లు దాన్ని లోపంగానే చూశారు. 1987 నాటి డీఎక్స్7-2లో 16 బిట్ల కన్వర్టర్ పెట్టి శుభ్రం చేశారు. ఆ తర్వాతే చాలామంది పాతదాన్ని వెతకడం మొదలుపెట్టారు.

ఆ కాలంలో డీఎక్స్7 ఒంటరిది కాదు. జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ పామ్ తయారుచేసిన పీపీజీ వేవ్‌లో 8 బిట్ల తరంగ పట్టికల వెనక అనలాగ్ ఫిల్టర్ ఉండేది. సిడ్నీలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ 1979లో తెచ్చిన ఫెయిర్‌లైట్ సీఎంఐ బయటి శబ్దాన్ని రికార్డు చేసుకుని మెట్ల మీద వాయించుకోనిచ్చింది. అందులో ఒక్కో స్వరానికి సొంత కన్వర్టర్. స్వరం మారితే ఆ కన్వర్టర్ నడిచే వేగమే మారేది. రోలాండ్ డీ-50 1987లో వచ్చింది. ఎక్కువగా వాద్యం మోగిన తొలి క్షణానికి రికార్డు చేసిన శబ్దాన్ని (దీన్నీ శాంపిల్ అనే అంటారు) వాడి, మిగతాది లెక్కతో కట్టేది. మెమరీ చిప్‌లు ఖరీదైన రోజుల్లో అది తెలివైన పొదుపు. ఎనియా పాడిన ‘ఒరినోకో ఫ్లో’లోని మీటు ధ్వని ఆ యంత్రంలో సిద్ధంగా ఇచ్చినదే. మరుసటి ఏడు వచ్చిన కోర్గ్ ఎం1తో శాంపిళ్లదే రాజ్యమైంది.

మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో తెలుగు పాటలు తయారైన ఆ రోజుల్లోనే సినిమా వాద్యబృందాల్లోకి కీబోర్డులు వచ్చాయి. సంగీత దర్శకులు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ కుమార్ తర్వాత ఏ.ఆర్. రెహమాన్ అయ్యాడు. తెర మీద పేరు పడని యంత్రాల గొంతులు మనవాళ్ల చెవులకు అలా అలవాటయ్యాయి.

ఇక సాఫ్ట్‌వేర్. స్టైన్‌బర్గ్ కంపెనీ 1996లో వీఎస్‌టీ పద్ధతిని ప్రవేశపెట్టింది. 1999 నుంచి వాద్యాలను కూడా ప్లగిన్లుగా కంప్యూటర్‌లోకి ఎక్కించే వీలు కలిగింది. 2000లో వాల్డార్ఫ్ పీపీజీ వేవ్‌కు సాఫ్ట్‌వేర్ రూపం తెచ్చింది. కొద్దికాలానికే నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఎఫ్‌ఎం7, 2006లో ఎఫ్‌ఎం8 వచ్చాయి. ఎఫ్‌ఎం పేటెంటుకు అప్పటికే గడువు తీరిపోయింది. డీఎక్స్7లోని 32 ధ్వనుల గుచ్ఛం మొత్తం 4,104 బైట్లే. పాత ఫైళ్లను యథాతథంగా ప్లగిన్‌లోకి దించితే వెంటనే పలికాయి.

పలికాయి కానీ, అదే గొంతుతో కాదు. ఈ తొలితరం అనుకరణలు ఎఫ్‌ఎం సూత్రాన్ని తీసుకుని కొత్తగా రాసినవి. వాటి గణితం పాత చిప్ కంటే ఎంతో ఖచ్చితమైనది. అదే ఇబ్బంది. చౌనింగ్ సమీకరణం డీఎక్స్7కు తల్లి మాత్రమే. అసలు డీఎక్స్7 అంటే ఆ సమీకరణాన్ని చిప్‌లో ఇరికించడానికి ఇంజనీర్లు పడిన రాజీలన్నీ కలిసినది. ఒక ఉదాహరణ చూద్దాం. ఎఫ్‌ఎంలో పై స్వరాలు వాయిస్తే శాంపిల్ వేగంలో సగాన్ని మించిన పౌనఃపున్యాలు పుడతాయి. వాటికి పైకి పోవడానికి దారిలేక మడతపడి కిందికి తిరిగొస్తాయి. దీన్ని ఎలియాసింగ్ అంటారు. డీఎక్స్7లో మడత 24,500 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. సెకనుకు 44,100 శాంపిళ్లతో నడిచే కంప్యూటర్‌లో అది 22,050 దగ్గర పడుతుంది. తిరిగొచ్చే దొంగస్వరాలు వేరే చోట్ల చేరతాయి. మడతే లేకుండా సరిచేస్తే ఆ స్వరాలు అసలే ఉండవు. రెండూ తప్పే.

మరో తేడా వాయించే వేళ్ల దగ్గరుంది. దీని గురించి ఎవరూ తగినంతగా మాట్లాడరని నా అభిప్రాయం. వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి పద్ధతిలో మెట్టును కొట్టిన బలాన్ని 127 దాకా అంకెలతో చెబుతారు. డీఎక్స్7 సొంత మెట్లు ఎంత గట్టిగా కొట్టినా 127కు చేరవు. ధ్వనులను తయారుచేసినవాళ్లు ఆ మెట్ల మీదే సరిచూసుకున్నారు. ఈనాటి కీబోర్డు నుంచి పూర్తి బలం పంపితే అదే ఎలక్ట్రిక్ పియానో అవసరానికి మించి కటువుగా మోగుతుంది. సాఫ్ట్‌వేర్ అసలుకు దూరంగా ఉందని చెప్పినవాళ్లలో చాలామంది విన్నది ఈ తేడానే అయుండాలి. కాస్త బలం తగ్గించుకుంటే సగం ఫిర్యాదులు తీరిపోతాయి.

అసలు తయారీదార్లు కూడా ఈ పనిలోకి దిగారు. కోర్గ్ 2005లో ఎం1ను స్వయంగా ప్లగిన్ చేసింది. శాంపిళ్లు తమవే కాబట్టి అనుకరణ అన్న మాటకు అక్కడ చోటు తక్కువ. అసలు ఎం1 ఫిల్టర్‌లో లేని రెజొనెన్స్‌ను మాత్రం సాఫ్ట్‌వేర్‌లో చేర్చారు. వాడుకోదలచనివాళ్లు ముట్టుకోకపోతే పాత ఎం1 అలాగే ఉంటుంది. ఇది మర్యాదైన మార్గం. ఆర్టూరియా కంపెనీ 2016లో సింక్లావియర్ అనే పాత డిజిటల్ సింథసైజర్‌ను సాఫ్ట్‌వేర్‌గా తెచ్చినప్పుడు, ఆ యంత్రానికి మొదట ప్రోగ్రామ్ రాసిన కామరన్ జోన్స్ తన పాత కోడ్‌నే తిరిగి వాడాడు. 2017లో రోలాండ్ డీ-50ని తానే సాఫ్ట్‌వేర్‌లోకి మార్చింది.

డీఎక్స్7 విషయంలో మలుపు కంపెనీల బయట జరిగింది. గూగుల్‌లో పనిచేస్తూ రాఫ్ లెవియెన్ ఆండ్రాయిడ్ కోసం రాసిన ఎఫ్‌ఎం ఇంజన్‌ను అందరికీ ఉచితంగా తెరిచాడు. దాని మీద కట్టిన డెక్స్‌డ్ అనే ప్లగిన్ డబ్బు ఖర్చు లేకుండా ప్రపంచమంతా పాకింది. అందులో శుభ్రమైన 24 బిట్ల లెక్క ఒక ఎంపిక, తొలి డీఎక్స్7 గరుకును అనుకరించే లెక్క మరో ఎంపిక. లోపాన్ని ఒక సదుపాయంగా వాడేవారి చేతికిచ్చిన ఆ ఒక్క మీటలో ఈ రంగం ఆలోచన మారిన తీరంతా కనిపిస్తుంది. 2021లో కెన్ షిరిఫ్ డీఎక్స్7 చిప్‌ను తెరిచి, మైక్రోస్కోప్ కింద ఫొటోలు తీసి, ట్రాన్సిస్టర్ల జాడ పట్టి లాగరిథమ్ పట్టికలతో సహా బయటపెట్టాడు. అదే ఏడు ప్లోగ్ కంపెనీ వారి ఓపీఎస్7 వచ్చింది. అది చిప్ లెక్కను బిట్టుకు బిట్టు పాటిస్తుంది, కన్వర్టర్ ప్రవర్తనను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఆ స్థాయిలో పోల్చి చూస్తే అసలు, నకలు అని విడదీయడం నా చెవికి సాధ్యం కాదు. చాలామందికి సాధ్యం కాదనే నా నమ్మకం.

ఇంకా ముందుకెళ్లిన దారి ఒకటుంది. యంత్రం శబ్దాన్ని కాక యంత్రాన్నే అనుకరించడం. రోలాండ్ ఎంటీ-32 మాడ్యూల్ కోసం మంట్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఈ మార్గంలో ముందుగా నడిచింది. పాత కంప్యూటర్ ఆటల సంగీతాన్ని ఆనాడు వినిపించినట్టే వినాలనుకున్నవాళ్ల పట్టుదల దాని వెనక ఉంది. ఈ దశాబ్దంలో ‘ద యూజువల్ సస్పెక్ట్స్’ అనే బృందం మోటరోలా 56300 చిప్‌ను పూర్తిగా సాఫ్ట్‌వేర్‌లో కట్టింది. 1997 నాటి యాక్సెస్ వైరస్ ఆ కుటుంబపు చిప్ మీదే నడిచేది. అసలు యంత్రపు ఫర్మ్‌వేర్‌ను ఎక్కిస్తే, తాను వేరే పెట్టెలో ఉన్నానని కూడా దానికి తెలియదు. ఇక్కడ ‘పోలి ఉంది’ అనే ప్రశ్నే లేదు, నడుస్తున్నది ఆ ప్రోగ్రామే. విచిత్రమేమిటంటే, వైరస్ కూడా పుట్టుకతో ఒక అనుకరణే. అనలాగ్ సింథసైజర్లను డిజిటల్‌గా పలికించడానికి తయారైనది.

అదే కోవకు చెందిన రోలాండ్ జేపీ-8000లోని సూపర్‌సా ధ్వనిని చాలామంది ఏళ్లతరబడి అనుకరించబోయి విఫలమయ్యారు. ఆడమ్ సాబో 2010లో స్టాక్‌హోమ్‌లోని కేటీహెచ్ విద్యార్థిగా రాసిన వ్యాసంలో దాని గుట్టు విప్పాడు. రంపపు తరంగాలు ఏడు కలిపితే చాలదు. వాటిని ఎలియాసింగ్‌తో సహా మోటుగానే పుట్టించి, స్వరానికి కింద పడ్డ మాలిన్యాన్ని మాత్రం ఫిల్టర్‌తో తీసేయాలి. పైన మిగిలినదాన్ని ఉంచాలి. ఆ ధ్వనిలోని గాలి, మెరుపు ఆ మిగిలినదాంట్లోనే ఉన్నాయి.

ఇన్ని చూశాక నా తీర్పు ఒక్కటే. పూర్తిగా డిజిటల్ అయిన యంత్రాల విషయంలో వాదన ముగిసింది. డీఎక్స్7, ఎం1, డీ-50, వైరస్ వంటివాటి గొంతు కోసం ఎవరూ ఇల్లు తాకట్టు పెట్టి పాత పెట్టె కొననక్కర్లేదు. పీపీజీ, ఫెయిర్‌లైట్ వంటివి వేరు. వాటిలో అంకెల వెనక అనలాగ్ సర్క్యూట్లున్నాయి, ఫెయిర్‌లైట్‌లోనైతే స్వరానికో గడియారముంది. అక్కడ అసలు యంత్రం ఇంకా ముందుంది. డీఎక్స్7 పొర బొత్తాలతో, ఒకే ఒక్క జారుడు మీటతో ధ్వనులు తయారుచేయడం హింస. తెరమీద ఆరు ఆపరేటర్లూ ఒకేసారి కనిపించే ప్లగిన్‌తోనే చాలామందికి ఎఫ్‌ఎం మొదటిసారి అర్థమైంది. ఆ విషయంలో నకలు అసలును మించింది.

ఇనుప పెట్టెలు మాత్రం శాశ్వతం కావు. డీఎక్స్7లో ధ్వనులను కాపాడే బ్యాటరీ బోర్డుకు టంకం వేసి ఉంటుంది. అది అడుగంటితే లోపల దాచుకున్నదంతా పోతుంది. ప్రత్యేకంగా చేయించిన చిప్‌లు ఇప్పుడెక్కడా తయారుకావు. రేపు మిగిలేది సాఫ్ట్‌వేర్ రూపమే. కానీ మంట్‌కైనా వైరస్ అనుకరణకైనా అసలు ఫర్మ్‌వేర్ కావాలి. అది కంపెనీల సొత్తు కాబట్టి వాడేవాళ్లు ఎవరికి వారు సంపాదించుకోవాలి. ఉత్పత్తి ఆపేసి పాతికేళ్లు దాటిన యంత్రాల ఫర్మ్‌వేర్‌ను తయారీదార్లు ఉచితంగా విడుదల చేయాలి. పాత డీఎక్స్7 ఇంట్లో ఉన్నవాళ్లు ఈ వారమే దానిలోని ధ్వనులను మిడి కేబుల్ ద్వారా కంప్యూటర్‌లోకి దించి పెట్టుకోండి. కావలసిన చోటు 4,104 బైట్లే.