సంచారగృహమున పొయ్యి: తిరిగి నింపుకొను గ్యాసు సిలిండరు పుట్టుపూర్వోత్తరములు

బ్రిటిష్ నౌకాదళమున వైద్యుడుగా పనిచేసి, పిమ్మట బాలురకు సాహసకథలు వ్రాసి పేరుగాంచిన గార్డన్ స్టేబుల్స్ అను స్కాట్లండు దేశీయుడు, 1885వ సంవత్సరమున బ్రిస్టల్ నగరపు బండ్ల కార్ఖానాలో ‘వాండరర్’ అను పేరుగల గుఱ్ఱపుబండిని ప్రత్యేకముగా కట్టించుకొని, దానికి రెండు గుఱ్ఱములను పూన్చి, దక్షిణ ఇంగ్లండునుండి ఉత్తర స్కాట్లండునందలి ఇన్వర్నెస్ వఱకు సాగిపోయెను. బ్రతుకుతెరువునకుగాక కేవలము విహారార్థమై నిర్మింపబడిన కారవాన్లలో ఇదియే మొదటిదని చరిత్రకారులు చెప్పుదురు. నునుపైన మహాగని కొయ్యపనియు, పడకయు, పుస్తకములును గల ఆ బండిలో వంటకు మాత్రము నూనెపొయ్యియే దిక్కయ్యెను. 1907లో ఇంగ్లండున కారవాన్ క్లబ్బు స్థాపింపబడెను. 1919లో బర్మింగ్‌హామ్ నగరమందలి ఎకల్స్ సంస్థ మోటారుకారు వెనుక తగిలించి లాగుకొనిపోదగిన బండ్లను అమ్మకమునకై చేయ నారంభించెను. 1931లో జర్మనీయుడగు అరిస్ట్ డెత్లెఫ్స్, చిత్రకారిణియగు తన కాబోవు భార్య ప్రయాణములలో తనతోకూడ వచ్చుటకు వీలగునట్లు చక్రములపై గదిని కట్టెను. ఇన్ని మార్పులు వచ్చినను నూనెపొయ్యి బాధ చాలకాలము తీఱలేదు. కుదుపునకు నూనె తొణకును. మసి పైకప్పునకు పట్టును. వాసన దుప్పట్లను విడువదు. మోటారు కారవానునకు వేగమునిచ్చినది. దానిని ఇల్లుగా చేసినది మాత్రము, ద్రవముగా ఒదిగి వాయువుగా మండు ఇంధనమేయని నా దృఢవిశ్వాసము.

ఆ యింధనపు జననము ఒక ఫిర్యాదునుండి కలిగినది. 1910లో అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున ఒక మోటారు యజమాని, తాను కొన్న పెట్రోలులో చాలభాగము ఇల్లు చేరునప్పటికే ఆవిరియై పోవుచున్నదని మొఱపెట్టుకొనగా, ప్రభుత్వపు గనులశాఖలో పనిచేయుచున్న వాల్టర్ స్నెల్లింగ్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఆ పెట్రోలును కూజాలో పట్టి పరీక్షింపబూనెను. బిరడా బిగించిన కొలదిని అది ఎగిరిపడుచుండెను. లోపలినుండి ఎగదన్నుచున్నది యేమని శోధింపగా, అందు ప్రొపేను, బ్యూటేను మున్నగు తేలిక వాయువులు కలవని తేలెను. ఒత్తిడిలో ద్రవమై యణగియుండి, ఒత్తిడి తొలగినంతనే వాయువై విజృంభించుట వీని స్వభావము. ఒక పాలు ద్రవప్రొపేను సుమారు 270 పాళ్ల వాయువగును. 1912లో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి ఒక పల్లెటింట దీనిని అమర్చిరి. మఱుసటి యేడు స్నెల్లింగునకు పేటెంటు లభించెను. చిన్న యినుపపాత్రలో పెద్ద మంట యొదిగియుండుననిన, అంతకంటె సంచారికి కావలసిన దేమి?

యూరపున ఈ విద్య దేశమునకొక రీతిగా వ్యాపించినది. ఫ్రాన్సున 1930 ప్రాంతముననే బ్యూటేను సిలిండర్లు పల్లెలకు చేరసాగెను. బ్రిటనునందు కేలర్ గ్యాసు సంస్థ 1935లో వెలసి, గ్యాసు గొట్టములు చేరని గ్రామములను, ఆ వెనుక కారవాన్లను తన పోషకులుగా చేసికొనెను. అచ్చట నీలిరంగు సిలిండరు బ్యూటేనునకును, ఎఱ్ఱనిది ప్రొపేనునకును గుర్తులయ్యెను. 1949లో ఫ్రాన్సున పుట్టిన క్యాంపింగాజ్ సంస్థవారి చిన్న నీలిసిలిండర్లు ఎల్లలు దాటి పెక్కుదేశములలో దొరకుటచే డేరాలవారికి ఆప్తములయ్యెను గాని, వానిలో పెద్దదానియందును పట్టునది 2.75 కిలోల బ్యూటేను మాత్రమే. కుటుంబముతో నెలల తరబడి తిరుగువారికి అది చాలదు.

ఈ సంస్థలన్నియు అవలంబించిన పద్ధతి ఒక్కటియే. సిలిండరు సంస్థదే; వినియోగదారుడు కొంత ధరావతు కట్టి దానిని వాడుకొనును, ఖాళీయైనదానిని ఇచ్చి నిండినదానిని తెచ్చుకొనును. తెలుగు గృహిణికి ఈ పద్ధతిని వివరింప నక్కఱలేదు. 1955లో బొంబాయిలో బర్మాషెల్ సంస్థయు, 1965లో కలకత్తాలో ఇండేను పేర ఇండియన్ ఆయిల్ సంస్థయు గ్యాసు పంపిణీ మొదలిడిన నాటినుండి నేటి 14.2 కిలోల బండ వఱకు మన వంటయిండ్లలో నడచుచున్నదియు ఇదియే. ఇందు న్యాయము లేకపోలేదు. ఒత్తిడికి లోనగు పాత్రను నియతకాలమున పరీక్షింపవలెను, వాల్వును మార్చవలెను, తుప్పును కనిపెట్టవలెను. ఆ భారమంతయు సంస్థ వహించును. కదలని యింటికి ఇది మేలైన యేర్పాటు. కాని ఇల్లే కదలునపుడు, ఆ సిలిండరు తన యజమానియున్న దేశపుటెల్లకడ ఆగిపోవును.

ఈ చిక్కు మొదట అంతగా తోపలేదు. ఏలయన తొలినాళ్ల కారవానులో గ్యాసు కొంచెము టీనీళ్లకును, ఒక దీపమునకును మాత్రమే వ్యయమగుచుండెను. 1922లో స్వీడనునందు వాన్ ప్లాటెన్, ముంటర్స్ అను విద్యార్థులిరువురు వేడితోనే చలిని పుట్టించు శీతలయంత్రమును కనుగొనిరి. మరయేదియు లేకుండ చిన్న గ్యాసుమంటతో నడచు ఆ యంత్రము పిమ్మట కారవాన్లలో చేరెను. 1961లో జర్మనీయందలి ట్రూమా సంస్థ కారవాన్లకు తగిన గ్యాసు హీటరును తెచ్చెను. వీనితో వేసవి విహారము శీతకాల యాత్రగా విస్తరించి, మంచుకొండల యడుగున నిలిపిన బండిలో ఒక సిలిండరు కొలదిదినములకే అయిపోవు స్థితి వచ్చెను. అదియుగాక బ్యూటేను సున్న డిగ్రీలకు ఇంచుక దిగువననే ఆవిరియగుట మాని, సిలిండరు నిండుగ నుండియు పొయ్యి వెలుగదు. ప్రొపేనునకో ఆ హద్దు మైనస్ 42 డిగ్రీలు. కావున చలిలో తిరుగువారందఱును ప్రొపేనునే ఆశ్రయించిరి.

ఇక సరిహద్దుల సంగతి. బ్రిటిష్ సిలిండరుపై బిగియు రెగ్యులేటరు ఫ్రెంచి సిలిండరుపై బిగియదు. జర్మనీ మర వేఱు, స్పెయినుది వేఱు. ఒత్తిళ్లలోను ఏకత్వము లేదు: బ్రిటనున బ్యూటేనునకు 28 మిల్లిబార్లు, ప్రొపేనునకు 37, జర్మనీలో చిరకాలము 50. క్రొత్త బండ్లలో 30 మిల్లిబార్ల రెగ్యులేటరును గ్యాసు అర గోడకే స్థిరముగా బిగించు ఉమ్మడి పద్ధతి 2003 ప్రాంతమున వచ్చినపిదప, గొట్టపు కొస మార్చుకొనిన చాలునను సౌలభ్యము కలిగినది. గొట్టపు కొస మారినను సిలిండరుపై హక్కు మాఱదు గదా. స్పెయినున ధరావతు కట్టిన పాత్రను నార్వేలో ఎవరు తీసికొందురు? సంవత్సరములో సగము తిరుగు వృద్ధదంపతులు నాలుగుదేశముల సిలిండర్లను మోయుచు, సగమే వాడినదానిని బరువు తగ్గించుకొనుటకై తిరిగి యిచ్చివేయుచు, మిగిలిన గ్యాసును ధారపోసికొనుచుండిరి.

అదేకాలమున ఇటలీ, నెదర్లాండ్స్, పోలండు దేశములలో కార్లకు గ్యాసు పోయు పంపులు పెట్రోలుబంకులలో విరివిగా నెలకొనియుండెను. పంపులోనున్నదియు ప్రొపేను బ్యూటేనులే. ధర సిలిండరు గ్యాసుకంటె చాల తక్కువ. ఇంక వేఱే యాలోచన యేల యని కొందఱు, సంస్థలకు చెందిన మామూలు సిలిండర్లకే ఇత్తడి తొడుగులు తగిలించి బంకులలో నింపుకొనిరి. ఇది కేవలము ఒప్పందభంగమేకాదు, ప్రాణాపాయకృత్యము. కారణము స్పష్టముగా చెప్పవలెను. వేడికి ద్రవప్రొపేను నీటికంటె ఎన్నోరెట్లు హెచ్చుగా వ్యాకోచించును. అందువలన పాత్రలో 80 శాతము మాత్రమే ద్రవము నింపి, తక్కినది ఆవిరికి విడువవలెను. అంచువఱకు నిండిన సిలిండరును ఎండలోనుంచినచో ద్రవమునకు పెరుగ చోటులేక ఒత్తిడి ఒక్కపెట్టున పెచ్చు పెరుగును. అప్పుడు రక్షకవాల్వు తెఱచుకొని మండు వాయువును వెలిక్రక్కును, లేదా పాత్రయే పగులును. కార్ఖానాలో తూనికపై నింపుదురు గనుక మామూలు సిలిండరులో హద్దు తెలుపు సాధన మేదియు లేదు. బంకులో దానిని నింపువానికి ఎంత నిండినదో తెలియు మార్గమే లేదు.

ఈ చిక్కును విప్పినది ఒక చిన్న బెండు. పాత్రలో ద్రవము పెరుగుచుండ దానితో బెండు లేచి, 80 శాతమునకు చేరినంతనే వాల్వును మూసివేయును. నింపువాని నైపుణ్యముతో గాని వివేకముతో గాని దానికి పనిలేదు. కార్లలోని గ్యాసు ట్యాంకులకు ఎన్నడో అలవాటైన ఈ యంత్రమును చేతితో నెత్తదగిన సిలిండరునకు అమర్చి, దానిని ప్రయాణికునికే సొంతముగా విక్రయించుటతో నిజమైన నూతనాధ్యాయము మొదలయ్యెను. బ్రిటనున 2000 తరువాతి దశకమున గ్యాస్‌లో సంస్థ 6, 11 కిలోల ఉక్కుసిలిండర్లను ప్రచారమునకు తెచ్చెను. ఆ వెనుక జర్మనీయుల అల్యూమినియపు పాత్రలును, లోపలి ద్రవమట్టము కంటికి కనబడు సేఫ్‌ఫిల్ వారి మిశ్రపదార్థపు పాత్రలును వచ్చెను.

నింపుకొను తీరు చూడదగినది. గ్యాసు గాలికంటె బరువైనదగుటచే, ఎక్కడనైన కాఱినచో నేలబాటన జాఱిపోవునట్లు, గ్యాసు అర అడుగున రంధ్రము లుంచి, నివాసభాగమునకును దానికిని నడుమ సందులేకుండ మూసియుందురు. సిలిండరు ఆ అరలో నిలువుగా కట్టబడి కదలక యుండును. బండి వెలుపలి పక్కన మూతగల నింపుద్వారముండి, అచ్చటినుండి గొట్టము లోనికి పోవును. బంకులో ఆ మూత తీసి, దేశమును బట్టి తగిన ఇత్తడి తొడుగును మరతో బిగింతురు: బ్రిటనున ఒకటి, జర్మనీ బెల్జియములకు ఒకటి, ఫ్రాన్సు ఇటలీలకు మఱియొకటి, స్పెయినునకు వేఱొకటి. పిడి తగిలించి పంపు మీటను నొక్కి పట్టుకొనగా అంకెలు తిరుగును. లోపల బెండు మూసినంతనే పంపు మూల్గి ఆగిపోవును. పిడి విడదీయునపుడు బుస్సుమని తెల్లని ఆవిరి చిమ్మును. ఆ చల్లదనము వ్రేళ్లను కాల్చునంతటిది గనుక చేతితొడుగు తప్పదు.

ఇందును చిన్న చిక్కులు లేకపోలేదు. రెగ్యులేటరు గోడకెక్కినపిదప సిలిండరునుండి దానివఱకును గల రబ్బరు గొట్టములో అధికమైన ఒత్తిడి నిలిచి, గొట్టమునుండి ఊరిన జిడ్డు రెగ్యులేటరులో పేరుకొని మంటను మందగింపజేయుచున్నదని తేలగా, తుప్పుపట్టని ఉక్కుగొట్టములు వాడుకలోనికి వచ్చెను. దక్షిణదేశములలో వేసవిని అమ్ము గ్యాసులో బ్యూటేను పాలు హెచ్చు. అచ్చట నింపుకొని ఉత్తరమునకు చలిలోనికి పోవువారికి, ప్రొపేను ముందుగా ఆవిరియై పోయి, మండని బ్యూటేను అడుగున మిగులును. ఎఱిగిన ప్రయాణికులు చలిప్రాంతము చేరుటకుముందే పాతదానిని వాడివేసి అచ్చటి గ్యాసునే నింపుకొందురు.

అమెరికాలో ఈ చరిత్ర తలక్రిందుగా నడచినది. అచ్చట సిలిండరు మొదటినుండియు వినియోగదారుని సొత్తు; వ్యాపారివద్దకు తీసికొనిపోయి నింపించుకొనుట ఆచారము. 1998 నాటి భద్రతా నియమావళి అధికముగా నిండకుండ ఆపు బెండువాల్వును విధింపగా, 2002 ఏప్రిల్ 1 తరువాత అది లేని చిన్న సిలిండర్లను నింపుట నిషిద్ధమయ్యెను. 1994లో బ్లూ రైనో సంస్థ పుట్టి దుకాణముల ముంగిట మార్పిడి సిలిండర్లను నిలిపినతరువాతనే అచ్చటివారికి మార్పిడి విరివిగా అలవాటయ్యెను. మార్పిడినుండి నింపుడునకు యూరపు సంచారులు వచ్చుచుండ, నింపుడునుండి మార్పిడికి అమెరికావారు పోవుచుండిరి.

నేడు బ్రిటనున గ్యాసుతో నడచు కార్లు తగ్గిపోవుటచే బంకులలోని గ్యాసు పంపులు ఒక్కొక్కటిగా మూతపడుచున్నవి. పోలండు, ఇటలీలలో అవి యింకను సమృద్ధిగా నున్నవి. అందుచేత బ్రిటిష్ ప్రయాణికులలో పెక్కుమంది ఒకే అరలో సొంతముగా నింపుకొను సిలిండరు నొకదానిని, సంస్థవారి మార్పిడి సిలిండరు నొకదానిని ప్రక్కప్రక్కన నిలిపి, ఒకటి అయిపోగానే రెండవది తనంత తానే అందుకొనునట్లు వాల్వు నమర్చుకొనుచున్నారు.