స్టేషన్ మెట్లెక్కిన మన ఆడబిడ్డలు: మథుర నుంచి ఎల్బీ నగర్ దాకా



కోచింగ్ కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో, ఎల్బీ నగర్‌లో రూముల్లో ఉంటున్నవాళ్లం మనలో చాలామందిమి. షీ టీమ్స్, భరోసా అనే పేర్లు వింటూనే ఉంటాం. ఆడవాళ్ల మీద జరిగే లైంగిక నేరాలకు ప్రత్యేకమైన పోలీసింగ్ ఎందుకు వచ్చిందో మాత్రం పెద్దగా మాట్లాడుకోం. ఆ చరిత్రలో మన ఆడబిడ్డలే ఉన్నారు.

1972లో మన పక్కనున్న గడ్చిరోలి ప్రాంతంలో, దేసాయిగంజ్ స్టేషన్‌లోనే పోలీసులు తనను చెరిచారని ఒక ఆదివాసీ అమ్మాయి చెప్పింది. చరిత్ర ఆమెను 'మథుర' అంటుంది. ఒంటిమీద గాయాల్లేవు, ఎదిరించలేదు అంటూ 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులనూ వదిలేసింది. అదే ఏడాది హైదరాబాద్‌లో నల్లకుంట స్టేషన్ ఘటన. ఒక పేద ముస్లిం మహిళపై అత్యాచారం జరిగిందన్న ఆరోపణ, రిక్షా తొక్కే ఆమె భర్త దెబ్బలకు చనిపోవడం. నగరం భగ్గుమంది. ఈ కోపాల ఫలితమే 1983 చట్ట సవరణ. కస్టడీలో అత్యాచారం ప్రత్యేక నేరమైంది. బాధితురాలి పేరు బయటపెట్టడం కూడా నేరమైంది.

చట్టం మారింది సరే, దర్యాప్తు మారిందా? 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీ వాకపల్లిలో 11 మంది కోందు మహిళలు గ్రేహౌండ్స్ పోలీసులపై ఫిర్యాదు చేశారు. గాలింపుకు ప్రత్యేక శిక్షణ ఉన్న బలగం అది. నేరాన్ని వెలికితీసే దర్యాప్తుకు మాత్రం ఆ శ్రద్ధ లేదు. 16 ఏళ్ల తర్వాత, 2023 ఏప్రిల్‌లో, విశాఖ ప్రత్యేక కోర్టు 13 మందిని నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు అధికారులు సరిగ్గా పనిచేయలేదని చెప్తూ, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. అంటే దర్యాప్తు చెడితే న్యాయమే చెడిపోతుందన్నమాట.

2012 ఢిల్లీ ఘటన తర్వాత 2013లో చట్టం మళ్లీ మారింది. ఇలాంటి ఫిర్యాదును మహిళా అధికారే రాసుకోవాలి. 2014 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలయ్యాయి. 2016లో భరోసా కేంద్రం వచ్చింది. వైద్యం, కౌన్సెలింగ్, వాంగ్మూలం, న్యాయ సాయం అన్నీ ఒక్కచోటే. చెప్పిన బాధనే పదిచోట్ల మళ్లీ మళ్లీ చెప్పుకోనక్కర్లేకుండా చేయడమే దాని ఉద్దేశం.

అయినా 2023 ఆగస్టులో ఎల్బీ నగర్ స్టేషన్‌లో ఒక గిరిజన మహిళను కొట్టారన్న ఆరోపణ వచ్చింది. అది లైంగిక నేరం కేసు కాదు. కానీ ఇద్దరు పోలీసులు సస్పెండ్ అయ్యారు, హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. ఒక పక్క కొత్త కేంద్రాలు, ఇంకో పక్క పాత లాఠీ. రెండూ ఈ నగరంలోనే ఉన్నాయి.

అందుకే ఈ నాలుగు మాటలు గుర్తుపెట్టుకుందాం. నేరం ఊళ్లో జరిగినా ఫిర్యాదు ఇక్కడి స్టేషన్‌లో ఇవ్వొచ్చు, అదే జీరో ఎఫ్ఐఆర్. ఇలాంటి ఫిర్యాదు రాసుకోకపోతే ఆ అధికారికే జైలుశిక్ష పడొచ్చు. అట్రాసిటీ కేసును డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాల్సిందే.

మన హాస్టల్ చెల్లి ఎవరైనా వచ్చి చెప్తే "నువ్వెందుకెళ్లావ్?" అని మాత్రం అడగొద్దు. మథురను కోర్టు అడిగింది కూడా దాదాపు అదే ప్రశ్న. ఆమెతో పాటు స్టేషన్ మెట్లెక్కుదాం.