శనివారపు రాత్రి నవ్వు

రాజసభలో విదూషకునకు ఒక చనవుండెడిది: అందరును దాచు మాటను అతడు నవ్వుచు బయటపెట్టవచ్చును. ప్రజాప్రభుత్వమున ఆ చనవు ఎవరికి దక్కవలెను? ఈ ప్రశ్నకు 1962లో బ్రిటన్ ఒక సమాధానమిచ్చినది.

ఆ ఏడు నవంబరు 24వ తేదీ శనివారము రాత్రి బి.బి.సి. టెలివిజనులో ‘దట్ వజ్ ది వీక్ దట్ వజ్’ అను వారపు కార్యక్రమము ఆరంభమయ్యెను. నిర్మాత నెడ్ షెర్రిన్; సభను నడపినవాడు యువకుడైన డేవిడ్ ఫ్రాస్ట్. ఆ వారపు వార్తలతో అల్లిన పాటను మిల్లిసెంట్ మార్టిన్ మొదట పాడుచుండెను. పిమ్మట చిన్న ప్రహసనములు, వాదములు. ప్రధానమంత్రి మాక్మిలన్ సైతము పరిహాసమునకు గురియయ్యెను. ప్రేక్షకుల సంఖ్య కోటిని మించినది.

ఇంతటి ఆకర్షణకు కారణమేమి? ఛలోక్తులు మాత్రమే కాదు. అట్టి పరిహాసము అంతవరకు లండను నాటకశాలలలో కొలదిమందికే లభ్యమైనది. ఇప్పుడు, వారమంతయు గంభీరముగ వార్తలు చదివిన సంస్థయే, శనివారము నాడు ఆ వార్తలలోని పెద్దలను చూచి నవ్వినది. సామాన్య గృహస్థునకు తన మనసులోని మాటయే వినబడినట్లయ్యెను.

1963 నవంబరు 22న అమెరికా అధ్యక్షుడు కెనెడీ హతుడయ్యెను. మరునాటి ప్రసారమున పరిహాసము లేదు, నివాళి మాత్రమే. నవ్వుటెరిగినవారు మౌనమును గూడ ఎరిగియుండిరి.

ఆ డిసెంబరు 28తో కార్యక్రమము ముగిసినది. 1964 ఎన్నికల సంవత్సరము. నిష్పక్షపాతమునకు భంగము కలుగరాదని, దానికి అండగా నిలిచిన డైరెక్టరు జనరల్ హ్యూ గ్రీన్ స్వయముగ దానిని నిలిపివేసెను. నవ్వునకు గల బలమును ఆ నిర్ణయమే ఒప్పుకొన్నది.