‘అని’కీ ‘గా’కీ నడుమ: నంద్యాల ఆంగ్లికన్ సంప్రదాయంలో నీతిమంతుడైన పాపి

క్రైస్తవుడు ఏకకాలంలో నీతిమంతుడూ పాపీ కాగలడా? 1515-16లో రోమా పత్రిక మీద చేసిన బోధనల్లోనే మార్టిన్ లూథర్ కాగలడని తేల్చాడు. తెలుగునాట లూథరన్ల నెలవు గుంటూరు సీమ. నంద్యాల, ఆళ్లగడ్డల్లోని పాత ప్రొటెస్టెంట్ సంఘాలు చాలావరకు ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషన్ నాటినవి. ఆళ్లగడ్డకు దగ్గర్లోని ముత్యాలపాడు ఆ మిషన్ పాత కేంద్రాల్లో ఒకటి. ఇక్కడికి ఆ ఆలోచన లూథర్ పేరు మీద కాక ఆరాధన క్రమం గుండా వచ్చిందని నా వాదన.

ఆ క్రమంలో బాప్తిస్మం పొందినవారే, పౌలు పత్రికలు ‘పరిశుద్ధులు’ అని పిలిచే కోవకు చెందినవారే, మోకరించి తాము పాపులమని ఒప్పుకుంటారు. ఆపైన గురువు క్షమాపణ ప్రకటిస్తాడు. 1571లో స్థిరపడిన ఆంగ్లికన్ 39 సూత్రాల్లో 9వది తిరిగి జన్మించినవారిలోనూ స్వభావ దోషం మిగిలే ఉంటుందంటుంది. 11వది క్రీస్తు పుణ్యం వల్లనే మనిషి నీతిమంతుడిగా ఎంచబడతాడంటుంది. అందుకే ఇక్కడ, ఆ క్షమాపణ పలకవలసిన గురువుకు బిషప్ చేతి అభిషేకం తప్పనిసరా అన్నది చిన్న ప్రశ్న కాదు. 1947లో ఆంగ్లికన్లూ బిషప్పులు లేని ఇతర ప్రొటెస్టెంట్ సంఘాలూ కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడినప్పుడు ఆంగ్లికన్ల ముఖ్య అభ్యంతరం అభిషేకం గురించే. నంద్యాల ప్రాంతంలో చాలామంది అప్పుడు అందులో చేరలేదు.

నన్ను ఎక్కువగా పట్టి నిలిపింది మాత్రం తెలుగు బైబిలు క్రియాపదం. రోమా 3:24లో ‘నీతిమంతులని తీర్చబడు’ అని ఉంది; 5:1లో ‘నీతిమంతులముగా తీర్చబడి’ అని ఉంది. గ్రీకులో రెండుచోట్లా ఒకే క్రియ. 6:7కు వచ్చేసరికి అదే క్రియ ‘తీర్పుపొందు’ అయింది. ‘తీర్చు’ నుంచి ఒక దారి తీర్పుకు పోతుంది, మరొకటి తీర్చిదిద్దడానికి. ‘అని’ అంటే న్యాయస్థానం గుర్తొస్తుంది: తీర్పు పలికిన క్షణంలోనే ముద్దాయి నిర్దోషి. ‘గా’ అంటే ఆళ్లగడ్డ శిల్పి గుర్తొస్తాడు: ఉలి ఆగేదాకా రాతిలో రాయి మిగిలే ఉంటుంది. (విగ్రహాల ఊరి నుంచి ఈ పోలిక తేవడం సంఘ పెద్దలకు నచ్చకపోవచ్చు.)

విభక్తి మీదా ప్రత్యయం మీదా సిద్ధాంతం కట్టకూడదు, నిజమే. కానీ వినేవాడి చెవిలో పడేది గ్రీకు కాదు, తెలుగే. 1547లో కతోలికుల ట్రెంట్ సభ పట్టుబట్టింది కూడా ‘గా’ గురించేనని చెప్పవచ్చు: నీతి పైపైన ఎంచబడేది మాత్రమే కాదు, లోపల నూతనపరిచేది కూడా. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కతోలికులూ లూథరన్లూ సంతకం చేసిన ఉమ్మడి ప్రకటన రెండు పక్షాలనూ దగ్గర చేసింది, తేడాలన్నీ చెరపలేదు. నా మొగ్గు ‘అని’ వైపు. తీర్పు ముందు రాకపోతే విశ్వాసి ఉలి దెబ్బలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు.

లూకా 18లోని సుంకరి ఇందుకు ఆధారం. తాను పాపినని రొమ్ము కొట్టుకున్నవాడే నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్లాడు. అక్కడ ప్రత్యయం ‘గా’యే, కానీ తీర్చిదిద్దడానికి వ్యవధి లేదు, దేవాలయం నుంచి ఇంటికి నడిచినంతే. మర్నాడు అతను సుంకపు మెట్టు దగ్గరికి వెళ్లాడో మానాడో కథ చెప్పదు.